మెట్లెక్కలేని ముసలమ్మకు మూడో అంతస్తు!

పేదోళ్ళకు అపార్టుమెంట్లు కట్టించామని రెండు తెలుగు రాష్ట్రాల పాలకులూ పదేళ్ళుగా డప్పు కొట్టుకుంటున్నారు. డప్పు మనది, కొట్టుకునేది వాళ్ళు. ఆంధ్రలో టిడ్కో ఇళ్ళన్నారు, తెలంగాణలో డబుల్ బెడ్రూం ఇళ్ళన్నారు. పార్టీ మారినప్పుడల్లా గోడ రంగు మారింది, తలుపు మీద ఫోటో మారింది. మేం అడిగేది ఒకటే ప్రశ్న. ఈ అంతస్తుల్లో మన ముసలోళ్ళు ఎక్కడున్నారు?

టిడ్కో ఇల్లంటే నేల మీద ఒక వరస, దాని మీద మూడు అంతస్తులు. ఎక్కాలంటే మెట్లే దారి. ఏ ఇల్లు ఎవరిదో తేల్చేది లాటరీ. అరవై ఏళ్ళు నాట్లేసి, కలుపు తీసి, కోతకోసి నడుం వంగిపోయిన మనిషికి లాటరీలో మూడో అంతస్తు తగిలితే అది ఇల్లు కాదు, అటక. ఒకసారి పైకెక్కిందంటే మళ్ళీ కిందికి దిగేది ఆస్పత్రికో, కాటికో.

ఇది తెలియక జరిగిందనుకుంటే పొరపాటు. ఆ ఇళ్ళకు కేంద్రం డబ్బు వచ్చింది 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద. ఆ పథకం నియమాల్లోనే ఒక మాట ఉంది. వికలాంగులున్న కుటుంబాలకూ వృద్ధులకూ వీలైనంతవరకు నేల మీద గానీ కింది అంతస్తుల్లో గానీ ఇళ్ళివ్వాలని రాసి ఉంది. రాసినోళ్ళకు తెలుసు, అమలుచేసే ఆఫీసర్లకూ తెలుసు. తెలియంది మనకే. ఇకనుంచి మనకూ తెలిసింది గనక అడుగుదాం.

కుటుంబమంటే ఎవరు?

అదే నియమాల్లో ఇంకో మాట ఉంది. లబ్ధిదారు కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని కొడుకులు, పెళ్ళికాని కూతుళ్ళు. అంతే. తల్లి లేదు. తండ్రి లేడు. ఒక పక్క పెద్దలను గౌరవించడం మన భారతీయ సంస్కృతి అని ఉపన్యాసాలిస్తారు, ఇంకో పక్క కాయితం మీద ముసలి తల్లిని కుటుంబం నుంచి కొట్టేస్తారు. విధవరాలైన ముసలామె వేరే కుటుంబంగా అర్జీ పెట్టుకోవచ్చు గదా అంటారు. పెట్టుకోవచ్చు. 300 అడుగుల ఇల్లు దాటి కాస్త పెద్దది కావాలంటే బ్యాంకు లోను కట్టాలి. డెబ్బై ఏళ్ళ కూలి మనిషికి ఏ బ్యాంకు అప్పిస్తుంది?

300 చదరపు అడుగుల్లో మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు సర్దుకున్నాక ముసలమ్మ మంచం ఎక్కడ పడుద్ది? వాడల్లో ఒకప్పుడు ఒంటిగది పక్కా ఇళ్ళు కట్టినప్పుడూ ఇదే కథ. కొడుక్కి పెళ్ళవగానే తల్లీతండ్రీ మంచంతో సహా పంచలోకొచ్చారు. వానొచ్చినా చలైనా పంచలోనే. 2020లో ఆంధ్రలో ఇళ్ళ స్థలాలిచ్చినప్పుడు పల్లెలో సెంటున్నర, పట్నంలో ఒక సెంటు కొలిచారు. సెంటంటే 48 గజాలు. అక్కడ పంచకు కూడా జాగా లేదు. అపార్టుమెంటులో అయితే పంచే లేదు. ఇక మిగిలింది మెట్ల కింది సందు.

ఊరవతలికి నెట్టుడు

హైదరాబాద్ సంగతి చూడండి. 2015 నవంబర్‌లో సికింద్రాబాద్ ఐ.డి.హెచ్. కాలనీలో మొదటి డబుల్ బెడ్రూం ఇళ్ళిచ్చారు. మొత్తం 396. ఉన్న బస్తీ జాగాలోనే, నేల మీద రెండంతస్తులకు మించకుండా కట్టారు. దాని ఫోటో చూపించి ఓట్లడిగారు. తర్వాత 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ళు ఒక్కచోట తెరిచారు. తొమ్మిది, పది, పదకొండు అంతస్తులు. నగరం నడుమ బస్తీల్లో బతికిన జనానికి నగరం చివర ఇళ్ళు. 560 అడుగుల ఇల్లు మంచిదే, కాదనం. ఊరికే వచ్చింది, అదీ కాదనం.

అయితే ముసలోళ్ళు బతికేది గోడల మధ్య కాదు, మనుషుల మధ్య. బస్తీలో పక్కింటి కోడలు ఒక ముద్ద పెట్టేది. మూల మీద ఆర్.ఎం.పి. అప్పుమీద మాత్రిచ్చేవాడు. సర్కారు దవాఖాన ఒక్క బస్సు దూరం. ఆ ముసలమ్మను తీసుకుపోయి పదో అంతస్తులో కూచోబెడితే ఆమెకు దక్కింది ఇల్లే, పోయింది బతుకు. లిఫ్టు నడిస్తే కిందికొస్తది. లిఫ్టు బాగుచేయించే నెలవారీ డబ్బు ఎవరు కట్టాలనే పంచాయితీ తెగేదాకా ఆమె పైనే.

మనకిది కొత్త కాదు. ఊరు కట్టినప్పుడు మనల్ని ఊరవతల పెట్టారు. నగరం కట్టి మనల్ని నగరం అవతల పెడుతున్నారు. వెలివాడకు అంతస్తులేసినంత మాత్రాన అది వెలివాడ కాకుండా పోదు.

పింఛను లెక్క

ఇప్పుడు ముసలోళ్ళ చేతికొచ్చే డబ్బు చూద్దాం. 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది, నెలకు 75 రూపాయలు. తర్వాత 200 చేసింది. 2011లో 80 ఏళ్ళు దాటినోళ్ళకు 500 అన్నది. 80 లోపు వాళ్ళకు కేంద్రం వాటా 2024లోనూ అదే 200. బియ్యం, పప్పు, మందు, బస్సు, అన్నీ పెరిగాయి, ఢిల్లీ దృష్టిలో ముసలోళ్ళ ఆకలి ఒక్కటే పెరగలేదు.

మిగతాది రాష్ట్రాలు వేశాయి. ఆంధ్రలో 2024 జులై నుంచి 4000 ఇస్తున్నారు. ఇది మంచి పెంపే. తెలంగాణలో 2019లో 2016 రూపాయలు చేశారు. 2023 ఎన్నికల్లో 4000 చేస్తామని చెప్పి గెలిచారు. 2024 ఏడాదంతా గడిచింది, చేతికొచ్చింది 2016 రూపాయలే.

దీనిలో దాగిన మోసం ఇంకోటుంది. ఇంటికి ఒకటే వృద్ధాప్య పింఛను. ముసలాయన, ముసలామె ఇద్దరూ ఉంటే ఒకరికే. రెండో మనిషి ఆకలి ఆకలి కాదా? రెండో మనిషి చేసిన కూలి కూలి కాదా? మొగుడు చచ్చిపోతే పెళ్ళానికి రాస్తాం అంటారు. అంటే ఆమె తినాలంటే ఆయన పోవాలి. ఇదేం ధర్మం?

ఆ డబ్బన్నా సాఫీగా వస్తదా అంటే అదీ లేదు. నేల గీకి, గడ్డి పీకి, సున్నం పిసికి వేలిముద్రలు అరిగిపోయిన చెయ్యిని మిషను మీద పెడితే ‘నువ్వు నువ్వు కాదు’ అంటది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఎవడో కుర్రాడు అందాజుగా కొట్టింది. దాంతో అన్న వయసు తమ్ముడి కంటే తక్కువ తేలుద్ది, అరవై ఐదేళ్ళ మనిషి యాభై నాలుగుకు దిగిపోతాడు. మన పుట్టుక ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే బడి మనకు లేదు. ఆ తప్పు వాళ్ళది, శిక్ష మనకు.

పట్నంలో చెత్తెత్తిన మన అక్కల సంగతి ఇంకా ఘోరం. కాంట్రాక్టు పద్ధతిలో ముప్పై ఏళ్ళు రోడ్లూడ్చినా గౌరవంగా దిగిపోయే రోజనేది లేదు. కాంట్రాక్టరు పి.ఎఫ్. సరిగా కట్టి ఉంటే వచ్చే కనీస పింఛను 1000 రూపాయలు. అది 2014 సెప్టెంబర్‌లో పెట్టిన అంకె, పదేళ్ళు నిండినా అదే అంకె. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్‌కు ముందు సర్కారు ఉద్యోగంలో చేరినోళ్ళకు చివరి జీతంలో సగం దాకా పింఛను, దానిమీద కరువు భత్యం. వాళ్ళకు రావొద్దని మేం అనం. వాళ్ళది హక్కు అయినప్పుడు మనది దయ ఎట్లా అయింది? ఆఫీసులో కూచున్న నడుముకు పింఛను ఉంది గదా, పొలంలో వంగిన నడుముకెందుకు లేదు?

‘కన్నబిడ్డలే చూసుకోవాలి’ అనే పెద్దలకు

పత్రికల్లో ఆదివారం వ్యాసాలు రాసే పెద్దమనుషులు ఒక ఏడుపు ఏడుస్తుంటారు. ఉమ్మడి కుటుంబం పోయిందట. వృద్ధాశ్రమాలు మన సంస్కృతి కాదట. కన్నబిడ్డలే చూసుకోవాలట.

అయ్యా, ఏ ఉమ్మడి కుటుంబం? ఇరవై ఎకరాల మాగాణి ఉంటే అన్నదమ్ములు ఉమ్మడిగా ఉంటారు. భూమి లేని వాడలో ఉమ్మడిగా ఉండటానికి ఏముంది? అప్పు ఉంది. మీ కొడుకు అమెరికా పోతే అది వంశానికి గౌరవం. పాలమూరు కొడుకు మట్టి పనికి బొంబాయి పోతే తల్లినొదిలేసిన దుర్మార్గుడు. ఇద్దరు తల్లులూ ఒంటరిగానే ఉన్నారు. ఒకామె గేటు, గార్డు, నర్సు ఉన్న అపార్టుమెంటులో ఉంది. ఇంకొకామె తాళం లేని తలుపు వెనక ఉంది.

ఇంకో ముచ్చట కూడా రాయండి. లక్షల డిపాజిట్ కట్టి చేరే ఆ పెద్దల ఇళ్ళల్లో, శాకాహార భోజనం, భజన మందిరం ఉన్నాయని రంగుల కాయితం మీద అచ్చేసే ఆ ఇళ్ళల్లో, మంచాన పడ్డ పెద్దయ్యగారి మలమూత్రాలు ఎత్తేది ఎవరు? ఒళ్ళు తుడిచేది, పుండు కడిగేది, రాత్రంతా కాళ్ళదగ్గర కూచునేది ఎవరు? చాలాచోట్ల మన వాడల నుంచి ఆయా పనికి పోయిన ఆడబిడ్డలు. వంటగదిలోకి రానియ్యరు గానీ ఒంటి మీద చెయ్యి వేయనిస్తారు. బాగున్నన్నాళ్ళు ముట్టుకోకూడని చెయ్యి, మంచాన పడ్డాక ఎట్లా ముట్టుకోవలసిన చెయ్యి అయింది? ఆ బిడ్డ అక్కడ నెలకింతని పరాయి తల్లికి గంజి తాగిస్తుంటే ఇక్కడ పల్లెలో ఆమె కన్నతల్లికి గంజిపోసే దిక్కు లేదు. కుటుంబం చెడగొట్టింది మనం కాదు. మన కుటుంబాన్ని విడదీసి వాళ్ళ కుటుంబాన్ని నిలబెట్టుకున్నారు.

చట్టం ఎవరి ఆస్తికి కాపలా?

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చేసింది. చూడని బిడ్డల మీద ఆర్.డి.ఓ. స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వకీలుతో పని లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. బాగానే ఉంది. బిడ్డకు ఇల్లో పొలమో రాసిచ్చాక వాడు చూడకపోతే ఆ రాతను రద్దు చేసే 23వ సెక్షన్ ఉంది. అదీ బాగానే ఉంది, ఇల్లూ పొలమూ ఉన్నోళ్ళకు. రాసివ్వడానికి ఏమీ లేని మనిషి ఏ రాతను రద్దు చేయించుకోవాలి? రోజు కూలీ దొరికితే తినే కొడుకు మీద కేసు గెలిచి ఆ తల్లి ఏం వసూలు చేసుకుంటది?

మనకు పనికొచ్చే సెక్షన్ 19వది. ప్రతి జిల్లాలో కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేటట్టు రాష్ట్ర ప్రభుత్వం వృద్ధాశ్రమాలు ‘పెట్టవచ్చు’ అని ఉంది. చూశారా ఆ మాట? ఆస్తిగలవాళ్ళ సెక్షన్ రాత రద్దు చేసేదాకా పోతుంది. నిరుపేద సెక్షన్ ‘పెట్టవచ్చు’ దగ్గర ఆగిపోతుంది. ఇళ్ళ పథకంలో ‘వీలైనంతవరకు’, ఇక్కడ ‘పెట్టవచ్చు’. మన బతుకంతా ఈ రెండు మాటల సందులో ఇరుక్కుంది.

సింగపూరు చూపించినోళ్ళకు

అమరావతి మొదలుపెట్టినప్పుడు మాకు సింగపూరును చూపించారు. అక్కడి నిపుణులతో ప్లాన్లు గీయించారు. సరే, సింగపూరే చూద్దాం. ఆ దేశంలో జనంలో దాదాపు ఎనిమిది పాళ్ళు సర్కారు కట్టిన అపార్టుమెంట్లలోనే ఉంటారు. 2021లో అక్కడి ప్రభుత్వం 65 దాటినోళ్ళ కోసం ప్రత్యేకంగా ఫ్లాట్లు మొదలుపెట్టింది. జారని గచ్చు, పట్టుకునే కమ్మీలు, ఆపదొస్తే నొక్కే మీట, కింద కనిపెట్టుకుని ఉండే మనిషి, అందరూ కలిసి కూచునే జాగా. ఇల్లూ సేవా కలిపి ఇస్తారు. అది ఊరకే ఇచ్చేది కాదు, డబ్బు కట్టాలి, ఆ సంగతి కూడా చెప్పాలి. అయితే ఇల్లొకటి ఇచ్చి చేతులు దులుపుకుంటే ముసలోళ్ళకు చాలదని వాళ్ళకు తెలిసింది. మన పాలకులు సింగపూరు నుంచి నది ఒడ్డు బొమ్మలు తెచ్చుకున్నారు గానీ గోడకుండే కమ్మీ తెచ్చుకోలేదు.

మన మిత్రులకు నాలుగు మాటలు

ఉద్యమంలో ఉన్న కొందరు మిత్రులంటున్నారు: ‘భూమి, రాజ్యాధికారం అడగాల్సినోళ్ళం, ముసలోళ్ళ ఇళ్ళు, పింఛన్లు అడిగితే అది సంక్షేమ భిక్ష అవుతుంది గదా’ అని. వాళ్ళ ఆవేశం మాకు తెలుసు. కానీ ఈ మాట ఒప్పుకోం.

1985లో కారంచేడు మాదిగలు రక్తంతో చీరాల చేరినప్పుడు మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు. చీరాలలోనే జాగా తీసుకుని నిలబడ్డారు. అది భిక్షా? ఎక్కడ ఉండాలో మేమే తేల్చుకుంటామన్నది ఆత్మగౌరవం. బాబాసాహెబ్ 1947లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు రాసిన ‘రాష్ట్రాలు - మైనారిటీలు’లో దళితులకు వేరే ఊళ్ళు కావాలన్నాడు, ప్రతి వయోజనుడికీ ప్రభుత్వ బీమా ఉండాలన్నాడు. ఇల్లూ, ఆపదలో ఆసరా ఆయనకు చిన్న విషయాలు కాలేదు. రాజ్యాంగం 41వ అధికరణంలో ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి రాసి ఉంది.

ఇంకో సంగతి. మన సభలకు మొదటి వరసలో కూచునేది ముసలమ్మలే. దెబ్బలు తిన్న కాలం, వెట్టి చేసిన కాలం, చెప్పులు చేతబట్టుకుని నడిచిన కాలం వాళ్ళ ఒంట్లో ఉంది. వాళ్ళు పంచలో ఒంటరిగా పోతే మన చరిత్ర పుస్తకం ఒకటి కాలిపోయినట్టే. రాజ్యాధికారం వచ్చేదాకా ఆగండని వాళ్ళకు చెప్పే ధైర్యం మాకు లేదు.

మనం అడగవలసింది

ఒకటి: టిడ్కో, డబుల్ బెడ్రూం ఇళ్ళల్లో వృద్ధులకు, వికలాంగులకు నేల మీది ఇళ్ళే ఇవ్వాలి. పై అంతస్తు వచ్చినోళ్ళకు మార్చివ్వాలి. లిఫ్టు ఖర్చు సర్కారే భరించాలి.

రెండు: ఇంటికి ఒకటే పింఛను అనే నిబంధన ఎత్తెయ్యాలి. మనిషికి ఒకటి. వేలిముద్ర పడకపోతే వాడ సమక్షంలో సంతకంతో ఇవ్వాలి. కేంద్రం తన 200 వాటా పెంచాలి.

మూడు: వాడల దగ్గరే ప్రభుత్వ భూమిలో, ఒక్క మెట్టుకు మించని పది పన్నెండు గదుల పెద్దల ఇళ్ళు కట్టాలి. ఒక్కో గది ఒక మనిషికో, ఒక జంటకో. మరుగుదొడ్డి గదిలోనే. వంట అందరికీ ఒకటి. అందులో మనం తినేదే వండాలి, చేప, కూర, పెద్దకూర, సంకటి. ఎవడి శాకాహారమూ మన కంచంలో వడ్డించొద్దు. ఏ కులం ముసలోళ్ళు వచ్చినా రానిద్దాం. వచ్చినోళ్ళు ఒకే పంక్తిలో తినాలి, ఒకే బిందె నీళ్ళు తాగాలి.

నాలుగు: అక్కడ సేవ చేసే ఆడవాళ్ళను వాడ నుంచే తీసుకుని, శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనమనే పేరుతో మోసం చేయకుండా జీతం ఇవ్వాలి. పట్నం పోయిన బిడ్డ తన ఊళ్ళోనే, తన తల్లి దగ్గరే ఆ పని జీతంతో చేసుకునేట్టు ఉండాలి.

డబ్బెక్కడిది అంటారా? పోరాడి 2013లో తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ఉంది. తెలంగాణలో 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి అన్నారు. అందరికీ ఇచ్చే పథకాల్లో మన తలలు లెక్కగట్టి ఈ పద్దు కింద రాసేసుకుంటున్నారు. ఆ రాతలు ఆపితే ప్రతి మండలంలో పెద్దల ఇళ్ళు లేస్తాయి.

ఇప్పుడే చేయవలసింది

ప్రతి వాడలో ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు ఒక నోటుబుక్కు తీసుకుని ఇంటింటికీ తిరగాలి. అరవై దాటిన మనిషి పేరు, నిజమైన వయసు, ఆధార్‌లో వయసు, పింఛను వస్తుందా లేదా, ఎక్కడ పడుకుంటున్నారు, ఎవరు వండిపెడుతున్నారు, ఏ అంతస్తు, ఏ జబ్బు. ఈ ఎనిమిది రాస్తే చాలు. ‘ఎక్కడ పడుకుంటున్నారు’ అనేది మాత్రం అడిగి రాయొద్దు, కళ్ళతో చూసి రాయాలి. కొడుకు పరువుకోసం తల్లి అబద్ధం చెప్తది.

ఆ లెక్క పట్టుకుని సోమవారం కలెక్టరాఫీసుకు ముసలోళ్ళతో కలిసి పోవాలి. అర్జీలో 19వ సెక్షన్ పేరు రాయాలి, రసీదు తీసుకోవాలి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పుకున్న మాటే. వాళ్ళు మేడ మీదికి రమ్మంటే పోవద్దు. ముసలోళ్ళం, మెట్లెక్కలేం, ఆఫీసరే కిందికి దిగి రావాలని అక్కడే కూచోవాలి.

ఒక్కసారి వాళ్ళు దిగొస్తే మెట్లంటే ఏమిటో వాళ్ళకూ తెలుస్తది.

దయ అడగడం లేదు, బాకీ అడుగుతున్నాం!
అంతస్తులు కాదు, అందే ఇల్లు కావాలి!
జై భీమ్!